రత్నపరీక్ష

మన ఇళ్లలో వజ్రాన్ని వజ్రమని పిలవడం అరుదు. 'రవ్వ' అంటారు. రవ్వల దుద్దులు, రవ్వల ముక్కుపుడక, రవ్వల ఉంగరం అనే మాటలు వినని తెలుగు ఇల్లు ఉండదు. పెళ్లి మాటలలో, పేరంటాలలో, చివరకు ఆస్తి పంపకాలలో సైతం ఆ రవ్వల ప్రస్తావన వస్తూనే ఉంటుంది. కాని ఇంట్లో ఉన్న రవ్వ మేలైనదో కాదో చెప్పగలవారు ఊరికొకరైనా కనిపించరు. బంగారానికి గీటురాయి ఉంది. పట్టుచీర అంచు తిరగేసి జరీ ఎలాంటిదో చెప్పగల కళ్లున్నాయి. బియ్యాన్ని అరచేతిలో పోసుకొని పాతవో కొత్తవో తేల్చగల ఇల్లాండ్రు ఇంటింటా ఉన్నారు. వజ్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరమూ అమ్మేవాని ముఖం వంక చూస్తాము.

ఇది మన పూర్వుల పద్ధతి కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో రత్నపరీక్ష ఒకటి. కోశాగారంలో చేరే రత్నాల గుణదోషాలను ఎలా గుర్తించాలో కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పింది. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయమే కేటాయించాడు. పైగా 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు లోకానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుండే వెళ్లాయి. వాటిలో పేరుమోసినవి ఎన్నో కృష్ణాతీరంలోని కొల్లూరు వంటి గనులలో పుట్టి, గోల్కొండ వర్తకుల చేతుల మీదుగా దేశాంతరాలకు తరలాయి. ఆ కొల్లూరు నేడు పులిచింతల జలాశయం నీటి అడుగున ఉంది. ఆ గనితోపాటు ఆ విద్య కూడా మన ఇళ్లలో మరుగున పడింది.

నేను పెరిగింది కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో. అక్కడ తొలకరి వచ్చిందంటే రైతులు ఆకాశం వంక చూస్తే, మరికొందరు నేల వంక చూస్తారు. జొన్నగిరి, తుగ్గలి పరిసరాలలోను, పక్కనున్న అనంతపురం జిల్లా వజ్రకరూరులోను తొలి వానలకు పైమట్టి కొట్టుకుపోయి, అడుగున ఉన్న రాళ్లు తేలుతాయి. వాటిలో ఎప్పుడైనా ఒక వజ్రం దొరుకుతుంది. దూర ప్రాంతాల నుండి సైతం జనం సద్దిమూటలతో వచ్చి, నడుములు వంచి చేలల్లో వెదుకుతారు. చిన్నతనంలో ఒకసారి ఒక కూలిమనిషి తన కొంగుముడి విప్పి ఒక రాయిని వర్తకుని ముందు పెట్టడం చూశాను. అతడు దానిని రెండు వేళ్ల నడుమ అటూ ఇటూ తిప్పి ఒక మొత్తం చెప్పాడు. ఆమె మారుమాట లేకుండా తీసుకొని వెళ్లిపోయింది. అతడు ఇచ్చిన ధర తక్కువని నేను అనలేను. అది తక్కువో ఎక్కువో తెలిసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ కొనేవాడు.

పొలంలో కొనేవానికి తెలుసు, అమ్మేవారికి తెలియదు. పట్నపు దుకాణంలో అమ్మేవానికి తెలుసు, కొనేవారికి తెలియదు. రెండుచోట్లా నష్టం తెలియనివారిదే. ఈ సంగతి నాకు స్పష్టంగా అర్థమైంది 2022లో, మా చెల్లెలి పెళ్లి సమయంలో.

నాన్నగారు బడిపంతులుగా పదవీ విరమణ చేశారు. విరమణ సొమ్ములో కొంత చెల్లెలి రవ్వల దుద్దుల కోసమని అమ్మ పట్టుబట్టి వేరుగా ఉంచింది. మేమందరమూ పట్నంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాము. అక్కడి గుమాస్తా నల్లని మఖమలు గుడ్డ మీద రెండు జతలు పరిచాడు. రెండూ ఒంటిరాయి దుద్దులే. ఒక్కొక్క రాయి 30 సెంట్ల బరువన్నాడు. అయినా రెండవ జత వెల మొదటి జతకు దాదాపు రెట్టింపు. నాన్నగారు, "బరువు ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది బాబూ?" అని అడిగారు. "అది క్వాలిటీ సార్, కళ్లకే తెలుస్తుంది కదా" అన్నాడతడు. దుకాణంలోని దీపాల కింద రెండు జతలూ ఒకే విధంగా ధగధగలాడుతున్నాయి. నాన్నగారు మెల్లగా లేచి, "నాకు తెలియనిదానికి నేను వెల కట్టలేను. తెలుసుకొని మళ్లీ వస్తాము" అన్నారు. అమ్మ ముఖం చిన్నబోయింది.

మా ఊరిలో ఒక వృద్ధ స్వర్ణకారుడు ఉండేవారు. అందరూ ఆయనను ఆచారిగారనే పిలిచేవారు. యౌవనంలో బొంబాయిలోను, సూరతులోను రవ్వలు పొదిగే పని చేసి వచ్చిన మనిషి. నాన్నగారు మమ్మల్ని ఆయన ఇంటికి తీసుకువెళ్లి జరిగింది చెప్పారు. ఆచారిగారు నవ్వి, "మంచి పని చేశారు అయ్యవారూ! రవ్వను చూడడానికి నాలుగు చూపులు కావాలి. బరువు, రంగు, నిర్మలత్వం, సాన. ఇంగ్లీషులో నాలుగూ 'సి' అక్షరంతోనే మొదలవుతాయట. మొదటి మూడూ రాయి తెచ్చుకున్నవి. నాలుగవది మనిషి ఇచ్చింది" అన్నారు. ఆ సాయంత్రం ఆయన చెప్పినవాటికి, తరువాత నేను చదివి తెలుసుకున్నవాటిని జోడించి ఇక్కడ వివరిస్తాను.

మొదటిది బరువు. మన పెద్దలు రత్నాలను, బంగారాన్ని గురివింద గింజలతో తూచేవారు. ఒక్కొక్క గింజ సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. మధ్యధరా ప్రాంతంవారు క్యారబ్ అనే చెట్టు గింజలతో తూచారు. క్యారెట్ అనే మాట అక్కడిదే. గింజలన్నీ ఒకే బరువు ఉండవు కనుక, 1907లో పారిస్‌లో జరిగిన తూనికలు, కొలతల మహాసభ ఒక క్యారెట్‌ను 200 మిల్లీగ్రాములుగా స్థిరపరచింది. దానిలో నూరవ వంతును మన వర్తకులు సెంటు అంటారు. బంగారం విషయంలో 22 క్యారెట్లు అన్నప్పుడు ఆ మాట స్వచ్ఛతను తెలుపుతుంది. రత్నం విషయంలో అదే మాట బరువును తెలుపుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోరాదు. పెద్ద రాళ్లు ప్రకృతిలో అరుదు. అందువల్ల మిగిలిన గుణాలు సమానమైనప్పుడు, ఒక క్యారెట్ రాయి వెల రెండు అర క్యారెట్ రాళ్ల మొత్తం వెలకంటె ఎక్కువగా ఉంటుంది.

రెండవది రంగు. వజ్రం శుద్ధమైన కార్బన్. అది రూపుదిద్దుకొనేటప్పుడు నత్రజని పరమాణువులు చేరితే పసుపు ఛాయ వస్తుంది. బోరాన్ చేరితే నీలి ఛాయ వస్తుంది. నత్రజని దాదాపు లేని రాళ్లు నీటిబొట్టువలె ఉంటాయి. గోల్కొండ వజ్రాలకు లోకంలో కీర్తి తెచ్చింది ఈ తేటదనమే. అమెరికాలోని రత్నశాస్త్ర సంస్థ జి.ఐ.ఏ. 1953లో రంగుకు, నిర్మలత్వానికి మెట్లను ఏర్పరచింది. రంగు మెట్లు ఇంగ్లీషు అక్షరం 'డి'తో మొదలై 'జెడ్'తో ముగుస్తాయి. 'డి' అంటే ఏ రంగూ లేనిది. కిందికి పోయిన కొద్దీ పసుపు పెరుగుతుంది. అంతకు పూర్వం వర్తకులు ఎవరికి తోచినట్లు వారు 'ఎ', 'బి', 'సి' గుర్తులు వాడి గందరగోళం చేసినందున, కొత్త పద్ధతి ఆ అక్షరాలను విడిచిపెట్టింది. ఆచారిగారు పొదగని రాయిని తెల్లకాగితం మడతలో తలకిందులుగా పెట్టి, పక్కనుండి పగటి వెలుతురులో చూపించారు. దుకాణపు దీపం కింద దాగిన పసుపు అక్కడ దాగలేదు.

మూడవది నిర్మలత్వం. భూగర్భంలో విపరీతమైన వేడికి, ఒత్తిడికి లోనై పుట్టిన రాయిలో చిన్న బీటలో, ఇతర ఖనిజాల రేణువులో ఉండడం సహజం. మన రత్నశాస్త్రకారులు వీటిని మలం, బిందువు, రేఖ, యవ, కాకపాదం అని ఐదు దోషాలుగా చెప్పారు. కాకి అడుగువలె మూడు పాయలుగా కనిపించే బీట కాకపాదం. నేటి పద్ధతిలో రాయిని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో పరీక్షించి, 11 మెట్లలో ఒకదానిలో నిలుపుతారు. పై మెట్టు రాయిలో భూతద్దానికి సైతం ఏమీ దొరకదు. అట్టడుగు మెట్టు దోషాలు కంటికే కనిపిస్తాయి. "భూతద్దంలో తప్ప కనబడని మచ్చను చూసి భయపడవద్దు. కాని అంచుదాకా వచ్చిన బీటను మాత్రం విడువవద్దు. దెబ్బ తగిలితే రాయి అక్కడే విచ్చుతుంది" అన్నారు ఆచారిగారు. వజ్రం గీతకు లొంగదు కాని సుత్తిదెబ్బకు లొంగుతుంది. సుత్తితో కొట్టి వజ్రాన్ని పరీక్షించాలనే మాట నమ్మి మంచి రాళ్లను పగులగొట్టుకున్నవారు ఉన్నారట.

నాలుగవది సాన. భౌతికశాస్త్రంలో సంపూర్ణాంతర పరావర్తనం చదివిన విద్యార్థికి ఇది సులభంగా బోధపడుతుంది. వజ్రపు వక్రీభవన గుణకం సుమారు 2.42. అందుచేత దాని సందిగ్ధకోణం 24 డిగ్రీల చిల్లర మాత్రమే. గాజుకు అది సుమారు 42 డిగ్రీలు. పైనుండి ప్రవేశించిన కాంతి అడుగు ముఖాల మీద తగిన కోణంలో పడితే, అక్కడే తిరిగి పరావర్తనం చెంది, రంగులుగా విడివడి, మన కంటికి చేరుతుంది. రాయిని మరీ లోతుగా గాని, మరీ పలుచగా గాని చెక్కితే ఆ కాంతి అడుగు నుండి జారిపోతుంది. అప్పుడు రాయి నడుమ నలుపో, వెలవెలబాటో కనిపిస్తుంది. గుండ్రని రవ్వకు 57 లేక 58 ముఖాలు ఉంటాయి. వాటి కోణాలు ఎంతెంత ఉండాలో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే వజ్రశిల్పి 1919లో గణితంతో లెక్కగట్టాడు.

సాన విలువకు కోహినూరు కథను మించిన నిదర్శనం లేదు. కొల్లూరులో దొరికిందని చాలామంది భావించే ఆ వజ్రాన్ని 1851లో లండన్ మహాప్రదర్శనలో ఉంచినప్పుడు, అది మెరవడం లేదని జనం నిరాశపడ్డారు. మరుసటి సంవత్సరం దానిని తిరిగి సానపట్టారు. దాదాపు 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు తగ్గిపోయింది. మన సానవారు రాయి బరువు పోకుండా చూసుకున్నారు. అక్కడివారు వెలుగు కోసం బరువును వదులుకున్నారు. ఏది మేలన్నది వేరే చర్చ. కాని కొనేవాడు తాను దేనికి వెల చెల్లిస్తున్నాడో ఎరిగి ఉండాలి.

ఇంతవరకు విని అమ్మ తన సంచిలో నుండి ఒక చిన్న భరిణె తీసింది. అందులో మా అమ్మమ్మ ఏడురాళ్ల దుద్దులు ఉన్నాయి. వాటిని మార్చి కొత్తవాటి వెలలో కొంత తగ్గించుకోవాలని అమ్మ ఉద్దేశం. అవి వెనుక మూసి పొదిగినవి. ఆచారిగారు ఒక్కొక్క రాయినీ భూతద్దంతో చూశారు. తరువాత ఉష్ణవాహకతను పసిగట్టే చిన్న పరికరం ముల్లును ఒక్కొక్కదానికి ఆనించారు. పన్నెండు రాళ్లకు అది మోగింది. రెండింటికి మోగలేదు. అమ్మ అనుమతి అడిగి, వెనుక రేకు విప్పి, ఆ రెండు రాళ్లను అరచేతిలో పెట్టుకొని, "ఇవి రవ్వలు కావమ్మా. తెల్లరాళ్లు. ముఖాల అంచులు అరిగి మొద్దుబారాయి, చూడండి. రవ్వ అంచు ఇన్నేళ్లలో ఇలా అరగదు" అన్నారు.

కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. అవి మొదటినుండీ అలాగే ఉన్నాయో, ఎప్పుడో మరమ్మతుకు ఇచ్చినప్పుడు మారాయో చెప్పగలవారు ఇప్పుడెవరూ లేరు. చివరకు అమ్మ, "మా అమ్మ ఇవి పెట్టుకొనే పోయింది. ఆమెకు తెలియకపోవడమే నయం. ఈ పరీక్ష చేయించకుండా ఉంటే నాకూ తెలియకపోయేది" అన్నది. ఆ మాటలో కోపం కంటె బాధే ఎక్కువగా ఉంది. చెల్లెలు అమ్మ చేయి పట్టుకొని, "అమ్మా! తెలియకుండా నువ్వు ఇవి నాకిచ్చి, నేను నా కూతురికిచ్చి, అది ఎక్కడో నలుగురిలో తెలుసుకొని ఉంటే? మనవాళ్లు మోసం చేశారని మనల్నే అనుకొని ఉండేది కదా" అన్నది. అమ్మ సమాధానం చెప్పలేదు. కాని దుద్దులను మార్చే ఆలోచన ఆ క్షణమే మానుకొని, "ఆ రెండింటినీ అలాగే పొదిగి ఇవ్వండి ఆచారిగారూ. ఏవి ఏవో ఒక చీటీ మీద వ్రాసి ఇవ్వండి, చాలు" అన్నది.

ఆ చీటీ ఇప్పటికీ భరిణెలో ఉంది. పరీక్షను మన సమాజం తరచుగా అవిశ్వాసంగా భావిస్తుంది. తెలిసిన దుకాణంలో రసీదు అడగడం, బంధువు తెచ్చిన నగను తూకం వేయించడం మర్యాద కాదనుకుంటాము. నాకు మాత్రం ఆ రోజు వేరొక సంగతి తోచింది. మంచి సరుకు అమ్మేవానికి పరీక్ష వల్ల వచ్చే నష్టం లేదు. పైగా వాని నిజాయితీకి సాక్ష్యం దొరుకుతుంది. పరీక్ష లేనిచోట మంచివాడూ చెడ్డవాడూ ఒకే మాట చెబుతారు, మనమేమో ఇద్దరినీ ఒకేలా అనుమానిస్తాము.

ఈనాడు పరీక్ష అవసరం ఇంకా పెరిగింది. 'అమెరికన్ డైమండ్' పేరుతో అమ్మే క్యూబిక్ జిర్కోనియా వజ్రమే కాదు. అంతే పరిమాణం గల వజ్రంకంటె అది చాలా బరువుగా ఉంటుంది. మాయిసనైట్ అనే మరొక రాయి ఉష్ణవాహకతను కొలిచే పరికరాన్ని కూడా మోసగించగలదు. కాని భూతద్దంతో ఏటవాలుగా చూస్తే, దాని వెనుక ముఖాల అంచులు జంటగా కనిపిస్తాయి. ఇక ప్రయోగశాలలో పెంచిన వజ్రాలు ఉన్నాయి. ఆ విద్యలో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ విజయం సాధించినట్లు 1955లో ప్రకటించింది. అవి కూడా శుద్ధ కార్బనే. కంటికి గాని, భూతద్దానికి గాని, ఆచారిగారి పరికరానికి గాని వాటి తేడా తెలియదు. ప్రత్యేక పరికరాలున్న పరీక్షాకేంద్రాలే చెప్పగలవు. వాటిని కొనడంలో తప్పు లేదు. అవి చవక. కాని గని వజ్రమని నమ్మించి అమ్మితే అది మోసం. జి.ఐ.ఏ. 2025 అక్టోబరు నుండి వాటికి 'డి' మొదలైన పాత మెట్లను ఇవ్వడం మాని, వేరే తరగతులను ఏర్పాటు చేసింది.

కొనేవారు గుర్తుంచుకోవలసిన మరికొన్ని విషయాలు ఉన్నాయి. హాల్‌మార్కు బంగారం స్వచ్ఛతకే హామీ ఇస్తుంది. అందులోని రాయి గురించి అది ఏమీ చెప్పదు. రసీదులో నగ మొత్తం బరువు, బంగారం నికర బరువు, రాళ్ల బరువు వేరువేరుగా ఉండాలి. లేకపోతే రాయి కూడా బంగారం ధరకు తూగుతుంది. జి.ఐ.ఏ., ఐ.జి.ఐ. వంటి సంస్థల పరీక్షాపత్రం ఉంటే దాని సంఖ్యను ఆ సంస్థ వద్ద సరిచూసుకోవచ్చు. చాలా రాళ్ల నడుము అంచుమీద ఆ సంఖ్యను లేసర్‌తో సన్నగా చెక్కి ఉంటారు. ఆ పత్రం రాయి గుణాలను చెబుతుంది. వెలను చెప్పదు. అది ఇద్దరు ముగ్గురు వర్తకుల వద్ద అడిగి తెలుసుకోవలసిందే.

వారం తరువాత మేము మళ్లీ అదే దుకాణానికి వెళ్లాము. ఈసారి చెల్లెలు అడిగింది, మేము విన్నాము. పరీక్షాపత్రాలు తెప్పించింది. రాళ్లను దీపాల కింద నుండి కిటికీ వెలుతురులోకి తీసుకువెళ్లింది. మొదటి జతలో కొంత పసుపు ఉంది, సాన మరీ లోతు. రెండవ జత రంగులోను, నిర్మలత్వంలోను పై మెట్లలో ఉంది. అందుకే ఆ వెల. చెల్లెలు ఆ రెండూ వద్దని, 27 సెంట్ల రాళ్లు గల మరొక జత ఎంచుకుంది. బరువు తక్కువైనా సాన చక్కగా ఉండడం వల్ల మొదటి జత కంటె చిన్నవిగా కనిపించలేదు. వెల మాత్రం ఆ రెండు జతల నడుమ నిలిచింది. మొదట మాతో మాట్లాడిన గుమాస్తాయే మర్యాదగా లేచి నిలబడి భూతద్దం అందించాడు. నాన్నగారు రూపాయలు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు ఆయన చేతులలో తడబాటు లేదు.

17వ శతాబ్దంలో మన దేశానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ దక్కనులోని ఒక గని దగ్గర తాను చూసిన దృశ్యాన్ని వర్ణించాడు. పదేళ్లు మొదలు పదిహేను పదహారేళ్ల వరకు వయస్సు గల వర్తకుల పిల్లలు ఊరి మధ్యనున్న చెట్టు కింద కూర్చునేవారట. ఒక్కొక్కరి నడుమున ఒక పక్క తూనికరాళ్ల సంచి, మరొక పక్క డబ్బు సంచి. ఎవరైనా వజ్రం తెస్తే అందరిలో పెద్దవాడు దానిని చూసి, పక్కవానికి అందించేవాడు. అది చేతులు మారుతూ అందరినీ చుట్టి తిరిగి అతని వద్దకే వచ్చేది. అంతసేపూ ఒక్కరు కూడా మాట్లాడేవారు కారు. తరువాతనే అతడు వెల అడిగేవాడు. ఎక్కువ ఇచ్చి కొంటే ఆ నష్టం అతనిదే. సాయంత్రానికి కొన్న రాళ్లను రకాలుగా వేరుచేసి పెద్ద వర్తకులకు అమ్మి, లాభాన్ని పంచుకొనేవారు.

నేటి ఇంటర్మీడియట్ విద్యార్థుల వయస్సుకు దగ్గరి వయస్సు వారిది. వారి వద్ద భూతద్దాలు లేవు, పరీక్షాపత్రాలు లేవు. చేతిలోకి వచ్చినదానిని తమ కళ్లతో చూడడం, చూసేంతవరకు మాట్లాడకుండా ఉండడం, చూసిన తరువాతనే వెల అడగడం వారు నేర్చుకున్నారు. ఆ విద్య తెలుగు ఇళ్లకు తిరిగి రావడానికి గనులు అక్కరలేదు. కొనబోయే వస్తువు ఏదైనా, దానిని గురించి ఒక ప్రశ్న అడగడానికి మొగమాటపడకపోతే చాలు.